అరిగిపోయిన రికార్డు

ఇంటిలో పెద్దవారెవరైనా చెప్పిన సంగతినే మరల మరల చెబుతూ ఉంటే, పిల్లలు చాటుగా ఒక మాట అనుకోవడం కద్దు: “మొదలైనదిరా, అరిగిపోయిన రికార్డు” అని. గ్రామఫోను పెట్టెలు అటకలెక్కి ఎన్నో ఏండ్లయినది. ఆ పెట్టెకు కీ ఇచ్చి ఎరుగనివారు, ముల్లు మార్చి ఎరుగనివారు కూడ ఈ మాటను నిస్సంకోచంగా వాడుతున్నారు. వస్తువు పోయినా మాట నిలిచినది. ఆ మాటలో కొంత హాస్యమున్నది, కొంత విసుగున్నది. అన్నవారికి తోచని క్రూరత్వం కూడ కొంత ఉన్నది. ఇంగ్లీషువారికి కూడ ఇటువంటి నానుడి ఒకటి ఉన్నది. ఆ దేశస్థుడైన ఒక సంగీతకారుడు ఈ పోలికను తీసుకొని, అందులోని హాస్యాన్నీ విసుగునూ తీసివేసి, మిగిలినదానిని ఆరున్నర గంటల సంగీతకృతిగా మలచినాడు. దానిని గురించి ఈనాటి నా ప్రసంగం.

కృతి పేరు ‘ఎవ్రీవేర్ ఎట్ ది ఎండ్ ఆఫ్ టైమ్’. కాలం ముగిసే చోట అంతటా, అని తెలుగులో చెప్పుకొనవచ్చును. కర్త పేరు లేలండ్ కర్బీ. మాంచెస్టరు నగరానికి ఆనుకొని ఉన్న స్టాక్‌పోర్టు అతని ఊరు. అయితే ఈ కృతిపై అతడు తన పేరు పెట్టుకొనలేదు. ‘ది కేర్‌టేకర్’ అనే మారుపేరు పెట్టుకొన్నాడు. 2016 సెప్టెంబరులో మొదటి భాగమూ, 2019 మార్చిలో ఆరవదీ, నడుమ ఇంచుమించు ఆరేసి నెలల కొకటి చొప్పున తక్కినవీ వెలువడినవి. మొత్తం 50 ఖండికలు. విషయమేమంటే, మనిషి జ్ఞాపకం తరిగి, మతి చెదరి, తుదకు తానెవరో తనకే తెలియని స్థితికి చేరుకొనడం. వైద్యులు ఈ జబ్బుల సముదాయాన్ని డెమెన్షియా అంటారు. అందులో ఎక్కువ మందికి వచ్చేది అల్‌జైమర్ వ్యాధి. అలాయిస్ అల్‌జైమర్ అనే జర్మను వైద్యుడు తన వద్ద చికిత్సకు ఉండిన ఒక స్త్రీ మరణించిన పిమ్మట, ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, 1906లో ఒక వైద్యసభలో ఆ వివరాలు చెప్పినాడు. మెదడులోని కణాల మధ్య పేరుకొన్న మచ్చలూ, కణాలలో చిక్కుపడిన పోగులూ అతనికి కనబడినవి. ఆనాడు ఆ సభలో ఎవరూ పెద్దగా పట్టించుకొనలేదట. ఇప్పుడు డెమెన్షియా ఉన్నవారు ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 సంవత్సరానికి వేసిన లెక్క. మన దేశంలో 60 ఏండ్లు దాటిన వారిలో నూటికి ఏడుగురికి పైగా ఈ స్థితిలో ఉన్నారని 2023 ప్రాంతంలో ప్రకటితమైన ఒక పరిశీలన చెబుతున్నది. అంటే సుమారు 88 లక్షల మంది.

ఈ కృతికి కర్బీ వాడుకొన్న ముడిసరుకు ఏమిటి? కొత్తగా వాద్యాలు వాయించలేదు. కొత్తగా పాట కట్టలేదు. 1920, 1930 ప్రాంతాలలో ఇంగ్లండులోను, అమెరికాలోను నృత్యశాలల్లో మ్రోగిన బ్యాండు మేళాల పాత ప్లేట్లను పోగుచేసినాడు. వాటిలోని తునకలను తీసుకొని, కంప్యూటరుపై కొన్నింటిని నిదానం చేసి, కొన్నింటిని చుట్టలు చుట్టి మరల మరల త్రిప్పి, కొన్నింటికి పెద్ద ఖాళీ హాలులో మ్రోగినట్లు ప్రతిధ్వని చేర్చి, కొన్నింటిని దుప్పటి కప్పినట్లు మందగింపజేసి కృతి అల్లినాడు.

ఆ ప్లేట్లను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఎందుకంటే ఈ కృతిలో పాట ఎంత పాత్ర వహిస్తుందో, ప్లేటు చేసే గరగర శబ్దం కూడ అంతే పాత్ర వహిస్తుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ నల్లని ప్లేట్లు లక్కతో చేసినవి. ఆ లక్క ఎక్కడిది? మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు పెట్టే లక్క. ఛోటా నాగపూరు అడవులలో పల్లెవాండ్రు గీకి పోగుచేసినది. ప్రపంచమంతటి గ్రామఫోను పరిశ్రమకు లక్క ప్రధానంగా మన దేశం నుండే పోయేది. ఆ లక్కలో రాతిపొడి కలిపేవారు. ఉక్కు ముల్లును ఆ పొడి అరగదీసి, గాడికి సరిపోయేటట్లు చేయవలెనని ఉద్దేశం. ముల్లూ అరుగుతుంది, గాడీ అరుగుతుంది. వినిన ప్రతిసారీ పాట కొంచెం తరుగుతుంది. ప్రీతితో ఎక్కువసార్లు విన్న ప్లేటే ముందుగా పాడవుతుంది. మన ఇండ్లలో ఈ సంగతి అందరికీ అనుభవమే. పెండ్లినాటి కానుకగా వచ్చి, వాడకం లేక బీరువాలో పడి ఉన్న ప్లేటు నేటికీ కొత్తదివలె పలుకుతుంది. కర్బీ ఈ అరుగుదలను తొలగించవలసిన దోషంగా భావింపలేదు. దానినే ముఖ్యవాద్యంగా కూర్చుండబెట్టినాడు.

ఆ గొంతులలో ఒకదానిని పేరు పెట్టి చెప్పవలసి ఉన్నది. ఆల్ బౌలీ అనే గాయకుడు. ఆఫ్రికాలోని లొరెన్సో మార్క్విస్ అనే రేవుపట్టణంలో పుట్టి, దక్షిణాఫ్రికాలో పెరిగి, ఊళ్ళు తిరుగుతూ 1920ల మధ్యలో కలకత్తాలోను, సింగపూరులోను హోటలు బ్యాండులలో పనిచేసి, తర్వాత లండనులో గొప్ప పేరు సంపాదించినాడు. 1941 ఏప్రిలులో లండను మీద జర్మనులు కురిపించిన బాంబులలో ఒకటి అతడున్న భవనం దగ్గర పేలి ప్రాణాలు కోల్పోయినాడు. అతని పాటల బాణీలు ఈ కృతిలో చాలాచోట్ల తగులుతవి. కర్బీకి కేర్‌టేకర్ అనే పేరు కూడ ఈ దారినే వచ్చినది. స్టాన్లీ క్యూబ్రిక్ 1980లో తీసిన ‘ది షైనింగ్’ అనే చలనచిత్రంలో, మంచులో కూరుకొనిపోయి మూతపడిన ఒక పెద్ద హోటలుకు ఒకడు కావలిదారుగా వస్తాడు. ఎవరూ లేని నృత్యశాలలో అతనికి పాతకాలపు అతిథులు కనబడతారు. బౌలీ పాట వినబడుతుంది. ఆ దృశ్యాన్ని పట్టుకొని కర్బీ 1999లో ఈ మారుపేరుతో మొదటి సంపుటి వెలువరించినాడు. తర్వాత మరపు అనే విషయం క్రమంగా అతనిని ఆవరించినది. 2005లో క్రొత్త సంగతులేవీ మనసులో నిలువని ఒక రోగస్థితిని తలంచుకొని 72 ఖండికలు కూర్చినాడు. 2011లో వెలువడిన మరియొక సంపుటి అతనికి నలుగురిలో పేరు తెచ్చినది. తుదకు ఈ ఆరు భాగాల కృతిని ప్రారంభిస్తూ, ఆ కేర్‌టేకర్ అనే కల్పిత వ్యక్తికే ఈ జబ్బు వచ్చినదనీ, ఆరవ భాగంతో ఆ పేరు అంతమవుతుందనీ ప్రకటించినాడు.

రేడియో శ్రోతలకు ఇక్కడ ఒక విశేషం చెప్పక తప్పదు. ధ్వనిని ముక్కలు చేసి, వాటితో సంగీతం అల్లే ఈ పద్ధతి పుట్టినది రేడియో కేంద్రంలోనే. పారిస్ రేడియోలో పనిచేసే పియెర్ షేఫర్ అనే ఇంజనీరు 1948లో రైళ్ళ చప్పుళ్ళను ప్లేట్లపై పట్టి, వాటినే ముందు వెనుకలుగా పేర్చి ఒక రచన చేసి, ఆ ఏడు అక్టోబరులో ప్రసారం చేయించినాడు. అతని సాధనాలలో ముఖ్యమైనది, తనలోకి తానే వచ్చి కలిసే గాడి. ముల్లు ముందుకు పోదు, ఒకే చుట్టులో ఒకే శబ్దం తిరుగుతుంది. మన అరిగిపోయిన రికార్డే అది; కావాలని చేసినది. 1951 నుండి జర్మనీలోని కొలోన్ రేడియోలోను, 1958 నుండి లండను బి.బి.సి.లోను ఇటువంటి ధ్వనిశాలలు వెలిసినవి. తర్వాత టేపులు వచ్చినవి, ఆ తర్వాత కంప్యూటర్లు. అమెరికాలో విలియం బసిన్‌స్కీ అనే అతడు 1980 ప్రాంతపు తన పాత టేపులను 2001లో కంప్యూటరులోకి ఎక్కిస్తుండగా, టేపు మీది పూత పొట్టువలె రాలిపోయి, పాట కండ్లముందే శిథిలమైనదట. అతడు ఆపలేదు, రాలిపోవడాన్నే రికార్డు చేసినాడు. కర్బీ కృతికి అది దగ్గరి చుట్టము. కాని బసిన్‌స్కీది యాదృచ్ఛికంగా జరిగిన శిథిలత. కర్బీది పథకం వేసి, రెండున్నర ఏండ్లపాటు మెట్టు మెట్టుగా నడిపినది.

ఇక ఆ మెట్లను దిగిచూద్దాము.

మొదటి భాగంలో పన్నెండు ఖండికలు. మధురమైన పాత బాణీలు. వయొలినులు, సన్నని బాకాలు, పియానో. నడుమ నడుమ ప్లేటు గరగర. శ్రోతకు భయమేమీ కలగదు. ఏదో పాతకాలపు ఇంటిలో, ప్రక్కగదిలో ఎవరో గ్రామఫోను పెట్టినట్లుంటుంది. కాని శ్రద్ధగా వింటే ఒక సంగతి తెలుస్తుంది: పాట తన చరణానికి పోవడం లేదు. అందమైన ఒక పలుకు దగ్గర ఆగి, దానినే మరల మరల చెప్పుకొంటున్నది. మొదటి ఖండిక ప్రేమవైఫల్యాన్ని గూర్చిన ఒక పాట బాణీ. ఆ బాణీని మాత్రం మనసులో పెట్టుకొనవలెను. ముందు ముందు అది మరల తటస్థపడుతుంది.

రెండవ భాగంలో ఏదో తప్పు జరుగుతున్నదని ఆ వ్యక్తికే తెలిసినది. బాణీలు దిగులుగా ఉంటవి, గరగర పెరుగుతుంది, ఇందాకటి బాణీ మరియొక బ్యాండు గొంతులో, అలసినట్లు తిరిగి వస్తుంది. నా మట్టుకు నాకు ఈ రెండవ భాగమే అన్నిటికంటె బాధాకరమైనది. తర్వాతి భాగాలు ఎంత భయంకరమైనవైనా, అక్కడ బాధపడేవాడు లేడు. ఇక్కడ ఉన్నాడు, తెలిసి ఉన్నాడు.

మూడవ భాగంలో ఖండికలు పొట్టివై, ఉన్నట్లుండి తెగిపోతవి. శీర్షికలు కూడ చెదిరినవి. కర్బీ తన పాత కృతుల పేర్లలోని మాటలనే తారుమారు చేసి, అర్థమున్నట్లే ఉండి అర్థం కాని పేర్లు పెట్టినాడు. జబ్బుపడినవారు మాటకోసం వెదకి, దాని ప్రక్కనున్న మాటను పట్టుకొంటారే, ఆ విధంగా. మొదటి బాణీ మూడవసారి వస్తుంది. మసక గాజు వెనుకనుండి వచ్చినట్లు. స్పష్టమైన పాటలకు ఇదే చివరి చోటు.

నాలుగవ భాగంనుండి పేర్లు పోయి, వైద్యుని చీటీలో వ్రాసినట్టి శీర్షికలు వస్తవి. ఒక్కొక్క ఖండిక ఇరువది నిమిషాలకు పైబడినది. పది పాటల తునకలు ఒకదానిపై ఒకటి పడి, ఏదీ ఏదో తెలియక, పెద్ద తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లవానికి వినబడే రొదవలె ఉంటుంది. ఒకచోట బాకాలు ఒక్కసారిగా బొబ్బరించినట్లు లేచి, వినేవాని గుండె ఝల్లుమంటుంది. ఈ గందరగోళం మధ్య ఒకే ఒక ఖండిక ప్రశాంతంగా, చిరుగంటలు మ్రోగినట్లు ఉంటుంది. తాత్కాలికమైన ఆనందావస్థ అని దాని పేరు. అయిదవ భాగంలో ఆ ప్రశాంతత కూడ లేదు. ఆరవ భాగంలో గాలివంటి హోరు, సముద్రం దూరంగా ఉన్నట్లు. అందులో పాట ఉన్నదో లేదో చెప్పలేము.

ఇవాన్ సీల్ అనే చిత్రకారుడు ఆరు భాగాలకు ఆరు చిత్రాలు ఇచ్చినాడు. మొదటి దానిలో, బూడిదరంగులో చుట్టచుట్టుకొన్న కాగితంవంటి వస్తువు. రెండవదానిలో పూలకుండి, వాడిన పూలు. నడుమవాటిలో వస్తువు పోలికలు క్రమంగా పోతవి. ఆరవది చిత్రం గీయవలసిన ఖాళీ చట్రం. దానిపై ఊడబోతున్న నీలిరంగు అంటుపట్టీలు. చూచి నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు.

మన ఆలంకారికులు దీనిని ఏమనేవారో అని నాకు ఒకప్పుడు తోచినది. వారు చెప్పిన 33 వ్యభిచారిభావాలలో స్మృతి ఒకటి. దైన్యము, చింత, మోహము, జడత, అపస్మారము, మరణము కూడ అందులోనే ఉన్నవి. ఈ ఆరు భాగాలకు ఆ పేర్లు చాలావరకు సరిపోతవి. కాని వారి లెక్కలో ఇవన్నీ వచ్చి పోయేవి. ఏదో ఒక స్థాయిభావాన్ని పోషించి తొలగిపోయే అలలు. ఇక్కడ అలలు తప్ప సముద్రం లేదు. స్థాయి అనదగినదే కరిగిపోతున్నది. కరుణమే అసలైన రసమని నమ్మిన భవభూతి కూడ, శోకించేవాడే లేని శోకాన్ని ఊహించలేదనుకొంటాను.

ఈ కృతిపై ఒక ఆక్షేపణ ఉన్నది. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. మనుష్యుల ఘోరమైన బాధను కళావస్తువుగా చేసి, దానికి మసక వెలుగుల అందం కల్పించడం న్యాయమా అని విమర్శకులు కొందరు అడిగినారు. నాకు దానికంటె పెద్దదిగా తోచే ఆక్షేపణ వేరొకటి ఉన్నది. ఈ జబ్బులో మొదట పోయేది సంగీతం కాదు. చాలా మందిలో చివరివరకు మిగిలేది సంగీతమే. కుమారుని పేరు మరచినవారు పాట అందిస్తే అందుకొంటారు. 2015లో లైప్‌జిగ్ పరిశోధకులు కొందరు, చిరకాలంగా ఎరిగిన పాటలను గుర్తుంచుకొనే మెదడు ప్రాంతం, అల్‌జైమర్ వ్యాధి దెబ్బకు తక్కిన వాటికంటె తక్కువగా లోనవుతున్నదని చూపినారు. అట్లయితే పాటలు చెదరిపోవడమే జబ్బుకు రూపమన్న ఈ కృతి, వాస్తవాన్ని తలక్రిందులు చేయడం లేదా?

చేస్తున్నదనే చెప్పవలెను. అయినప్పటికీ ఇందులో ఒక సత్యమున్నదని నాకు తెలిసినది మా పెద్దమ్మ మూలాన.

ఆమె చివరి నాలుగేండ్లు మా ఇంటిలోనే ఉన్నది. మొదట వంటలో ఉప్పు రెండుసార్లు వేసేది. తర్వాత, చనిపోయిన తన అన్నగారు ఇంకా భోజనానికి రాలేదేమని అడిగేది. ఆపైన, “అమ్మా, ఇది ఎవరిల్లు? మా ఇంటికి పంపిస్తారా?” అని ఎంతో మర్యాదగా మమ్మల్నే బతిమాలేది. కాని సాయంకాలం దీపం పెట్టే వేళకు ఎవరైనా ఒక మంగళహారతి ఎత్తుకొంటే, గొంతు కలిపి చివరి చరణం దాకా తప్పు లేకుండా పాడేది. పాట ముగియగానే మరల మమ్మల్ని ఎరుగదు.

మేము ఏమి చేసేవారమో చెబుతాను. ఆమె ఎదుట కూర్చుండి, “పెద్దమ్మా, నేనెవరినో చెప్పు” అనేవారము. చెప్పకపోతే పేరు మొదటి అక్షరం అందించేవారము. ఊరినుండి చుట్టాలు వస్తే, “చూడు, వీరిని గుర్తుపట్టినావా?” అని పరీక్ష పెట్టేవారము. ఎప్పుడైనా సరియైన పేరు వస్తే ఇంటిల్లపాదీ సంతోషించేవారము; రాకపోతే ఆమె ముఖంలోకి వచ్చే సిగ్గును చూచి కూడ, మరునాడు మరల అడిగేవారము. ఆమెకు పరీక్ష ఎందుకు? మాకు కావలసి వచ్చి అడిగినాము.

కర్బీ కృతి నాలుగవ భాగం మొదటిసారి వింటున్నప్పుడు నేను చేసినదీ అదేనని హఠాత్తుగా గ్రహించినాను. ఆ రొదలో చెవి రిక్కించి, మొదటి భాగంలోని బాణీకోసం వెదకుతున్నాను. ఎక్కడో రెండు స్వరాలు తగిలితే, ఇదిగో, ఇదే, అని ప్రాణం లేచి వస్తుంది. అంతలో అది కాదు. మరల వెదకడం. నిజానికి అక్కడ ఆ బాణీ ఉన్నదని కూడ నమ్మకం లేదు. నా చెవే కల్పించుకొంటున్నదేమో. అందుచేత ఈ కృతి రోగి లోపలి అనుభవమని కర్త తలపెట్టినా, నా అభిప్రాయంలో ఇది మంచం ప్రక్కన కూర్చున్నవారి అనుభవము. లోపల ఏమి జరుగుతున్నదో ఎవరు చూచి వచ్చినారు? మా పెద్దమ్మకు లోపల హారతి పాట నిండుగానే ఉండినది. చెదిరిన తునకలను పట్టుకొని అతుకులు వేసుకొనడం మా పని అయినది. ఆ అతుకులు వేసే పనినే ఆరున్నర గంటలు శ్రోతచేత చేయిస్తాడు కర్బీ. ఒక గంటలో చెప్పరాదా అంటే, చెప్పరాదు. మొదటి భాగపు పాటలు మనకు నచ్చవలెను, అలవాటు కావలెను, తర్వాత మనమే వాటిని మరచిపోవలెను. అందుకు అంత వ్యవధి కావలసినదే. మూడవ గంట గడిచేసరికి మొదటి భాగంలోని పన్నెండింటిలో ఎన్ని జ్ఞాపకమున్నవని నన్ను నేను ప్రశ్నించుకొంటే, రెండుకు మించి చెప్పలేకపోయినాను.

మరియొక చిత్రం జరిగినది. ఇటువంటి సంగీతం సాధారణంగా కొద్దిమందికి మాత్రమే పరిమితం. కాని 2020లో, మహమ్మారి మూలాన లోకమంతా ఇండ్లలో తలుపులు వేసుకొని కూర్చున్న రోజులలో, పడుచుపిల్లలు దీనిని పట్టుకొన్నారు. ఆరు భాగాలనూ ఒకే పట్టున వినగలవా అని ఒకరికొకరు పందెం వేసుకొన్నారు. పందెమేమిటి, ఇది తినే పోటీయా అని పెద్దలు కొందరు కోపగించుకొన్నారు. నాకు కోపం రాలేదు. పందానికి కూర్చున్నవారిలో పలువురు, విన్న తర్వాత తమ తాతను గూర్చి, నాయనమ్మను గూర్చి చెప్పుకొన్నారు. ఇరువది ఏండ్లవాడు మరపును గూర్చి ఒక రాత్రి ఆలోచించడం ఏ పందెంవల్ల జరిగినా చెడ్డదేమున్నది?

వినదలచినవారికి నా సలహా ఒకటే. ఒకే పట్టున వినవద్దు. భాగానికొక రోజు కేటాయించుకొనండి. ఇంటిలో ఇట్టి జబ్బుతో ఎవరైనా ఉన్నట్లయితే, వారున్న గదిలో మాత్రం పెట్టవద్దు. వారికి తెలిసిన పాట పెట్టండి. వీలైతే మీరే ఎత్తుకొనండి, గొంతు బాగుండకపోయినా సరే. మా ఇంట్లో మంగళహారతి ఎత్తుకొన్నవారెవరికీ గొంతు లేదు.

కృతి చివరి నిమిషాలను గూర్చి చెప్పి విరమిస్తాను. ఆరవ భాగంలో గంటకు పైగా హోరు తప్ప ఏమీ వినబడదు. వింటున్నవాడు వెదకడం కూడ మానివేస్తాడు. అప్పుడు, ముగింపుకు కొద్ది నిమిషాల ముందు, ముల్లు ప్లేటు మీద ఆనిన చప్పుడు వినవస్తుంది. తెర తొలగినట్లు ఒక బృందగానం స్పష్టంగా లేస్తుంది. అది ఒకప్పుడు బాఖ్ రచన అని ఎంచబడి, తర్వాత అతనిది కాదని పండితులు నిర్ణయించిన లూకా శ్రమగాథ లోనిది. ఏండ్ల తరబడి పలుకని రోగులు కొందరు, మరణానికి కొద్ది గంటలో కొద్ది రోజులో ముందుగా, ఉన్నట్లుండి తేటపడి, అయినవారిని పేరు పెట్టి పిలిచిన సందర్భాలు వైద్యులు వ్రాసిపెట్టినవి ఉన్నవి. మన పల్లెల్లో దీనిని దీపం ఆరబోయే ముందు వెలుగు అంటారు. ఆ గానం అటువంటిదని శ్రోతలు చాలామంది భావిస్తారు. మా పెద్దమ్మ విషయంలో అట్టిది జరుగలేదు.

ఆ గానం కూడ ఆగిపోయిన తర్వాత, కర్బీ ఒక నిమిషం నిశ్శబ్దాన్ని ఉంచినాడు. కృతిలో అదీ ఒక భాగమే. ఆరున్నర గంటల లెక్కలో అదీ చేరి ఉన్నది. ఆ ఒక్క నిమిషాన్ని మాత్రం రేడియోలో వినిపించడం సాధ్యం కాదు. పది సెకండ్లు గడవకముందే మీరు లేచి, సెట్టు పాడైనదేమో అని మీట త్రిప్పిచూస్తారు.